పాత రాక్, సోల్, డిస్కో రికార్డులను అడుగు నుంచి వినండి

మీ నాన్నగారు వదిలివెళ్లిన ఎల్పీలు అరవై దాకా అటక మీద దొరికాయని మీరు ఉత్తరంలో రాశారు. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని విన్న ఆ పాటలే ఇప్పుడు ఫోనులో పెడితే పలచగా, వన్నె తగ్గినట్లు ఉన్నాయన్నారు. రాక్, సోల్ (అమెరికా నల్లజాతి గాయకుల పాటలు) ఉంచుకుని డిస్కో రికార్డులు ఎవరికైనా ఇచ్చేయవచ్చా, మిగిలినవాటిని మళ్లీ వినడం ఎక్కడ మొదలుపెట్టాలి, వంగిపోయిన డోనా సమ్మర్ రికార్డును ఏం చేయాలి అని అడిగారు. మీరు రాసిన పేర్లు చూశాను: మార్విన్ గే, ఓటిస్ రెడ్డింగ్, రోలింగ్ స్టోన్స్, లెడ్ జెప్లిన్, గ్లోరియా గేనర్, చిక్. దయచేసి డిస్కో రికార్డులు ఇచ్చేయకండి. మీ నాన్నగారు వీటన్నిటినీ ఒకే చోట దాచుకున్నారంటే ఆయనది మంచి చెవి. ఆ మూడూ ఒకే ఇంట్లో పెరిగిన సంగీతాలు.

నేను మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో ముప్పై ఏళ్లు పనిచేశాను. 1981లో సహాయకుడిగా చేరినప్పుడు మా పెద్ద ఇంజనీరుగారు మొదటి వారం నాకు ఒకే పని చెప్పారు. మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లాక ఏదైనా విదేశీ రికార్డు పెట్టుకోవాలి. గాయకుణ్ణి పూర్తిగా వదిలేసి బేస్ గిటారును మాత్రం మొదటి నుంచి చివరి దాకా పట్టుకోవాలి. ఆయన తిరిగి వచ్చాక దాన్ని నోటితో పాడి వినిపించాలి. రెండు రోజులు నాకు అసలు అది ఎక్కడుందో తెలియలేదు. మూడో రోజు మార్విన్ గే పాటలో దొరికింది. అంతకుముందు వందసార్లు విన్న పాటే. ఆ రోజు మాత్రం గాయకుడు కింద ఉన్న ఆ గీతను ఆనుకుని నడుస్తున్నట్లు వినిపించింది. అప్పటి నుంచి నేను ఏ రికార్డునైనా అలాగే వింటున్నాను. ముందు డ్రమ్ములు, బేసు, తర్వాత గిటారు, పియానో, చివరికి గొంతు. మీకు చెప్పదలచుకున్నది కూడా ఇదే: పాత రికార్డులను పైనుంచి కాకుండా అడుగు నుంచి వినండి.

పలచగా ఉన్నాయని మీరన్నదానికి కారణం కూడా ఇందులోనే ఉంది. నాలుగు తీగల బేస్ గిటారులో అన్నిటికంటే కింది స్వరం పలికే తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. ఫోను స్పీకరు గోరంత ఉంటుంది. అంత కింది స్వరానికి కావలసిన గాలిని అది కదిలించలేదు. కాబట్టి మీరు వింటున్నది పునాది తీసేసిన మేడ. దానికి తోడు, 1990ల నుంచి వచ్చిన రీమాస్టర్లలో, అంటే పాత టేపుల నుంచి మళ్లీ తయారుచేసిన రూపాల్లో, చాలావాటిని ఎక్కువ బిగ్గరగా మోగాలని నొక్కేశారు. చిన్న శబ్దానికీ పెద్ద శబ్దానికీ ఉన్న తేడా చెరిపేస్తే డ్రమ్ము దెబ్బకు ఉన్న పదును పోతుంది. పాటలు పాతబడలేదు, మీ దాకా సగమే చేరుతున్నాయి. మంచి ప్లేయరు కొనేలోపు కనీసం చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి.

మార్విన్ గే నుంచే మొదలుపెట్టండి. 1971లో వచ్చిన ఆయన 'వాట్స్ గోయింగ్ ఆన్' మీ దగ్గర ఉందన్నారు. ఆ అట్టను ఒకసారి చేతిలోకి తీసుకుని వాద్యకారుల పేర్లు చదవండి. మోటౌన్ రికార్డు కంపెనీ అలా పేర్లు అచ్చువేసిన మొదటి ఆల్బమ్ అది. కంపెనీ పెట్టి అప్పటికి పన్నెండేళ్లు. బెర్రీ గోర్డీ 1959లో ఇంటివాళ్ల దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని, డెట్రాయిట్ నగరంలో వెస్ట్ గ్రాండ్ బూలవార్డ్ మీద ఒక మామూలు ఇంట్లో దాన్ని నడిపించాడు. ప్రపంచమంతా పాడుకున్న పాటలు ఆ ఇంట్లోని చిన్న స్టూడియోలో పుట్టాయి. వాటిలో ఎక్కువ భాగం వాయించింది ఫంక్ బ్రదర్స్ అని తమను తాము పిలుచుకున్న ఒకే వాద్యబృందం. పాడినవాళ్ల బొమ్మలు అట్టల మీద వచ్చాయి. వీళ్ల పేర్లు ఏళ్ల తరబడి ఎవరికీ తెలియలేదు.

వాళ్లలో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ గురించి నేను ఎంత చెప్పినా తక్కువే. కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితోనే మీటేవాడు. తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదు. అందుకే ఆయన స్వరం మెరుపు లేకుండా, తడి మట్టిలా మెత్తగా ఉంటుంది. 'వాట్స్ గోయింగ్ ఆన్' మొదటి పాటలో ఆయనను పట్టుకోండి. గొంతు ఒక మాట పాడి ఆగిన చోట బేసు ఊరుకోదు, చిన్న మెలిక తిరిగి తర్వాతి మాటకు దారి వేస్తుంది. మన కచేరీల్లో మంచి మృదంగ విద్వాంసుడు గాయకుడి ఊపిరి కనిపెట్టి వాయించినట్లు ఉంటుంది. అట్ట మీద ఆయన పేరు ముందు 'సాటిలేని' అనే విశేషణం అచ్చువేశారు. 1972లో కంపెనీ లాస్ ఏంజెలెస్‌కు తరలిపోయింది, డెట్రాయిట్ వాద్యకారులు చెల్లాచెదురయ్యారు. జేమర్సన్ 1983లో 47 ఏళ్లకే కన్నుమూశాడు. ఆయన వాయించిన పాటలు ఈ రోజుకీ ఏదో ఒక రేడియోలో మోగుతూనే ఉన్నాయి. ఆ పేరు మీ పిల్లలకు కూడా చెప్పండి.

ఓటిస్ రెడ్డింగ్ వేరే ఊరివాడు, వేరే ఇంటివాడు. ఆయన పాటలు పుట్టిన మెంఫిస్‌లో, మూతపడిన సినిమా హాలు ఒకదాన్ని అక్కాతమ్ముళ్లు ఎస్టెల్ ఆక్స్‌టన్, జిమ్ స్టూవర్ట్ స్టూడియోగా మార్చారు. ఇద్దరి ఇంటిపేర్లలో మొదటి రెండేసి ఇంగ్లీషు అక్షరాలు కలిపితే స్టాక్స్, అదే వాళ్ల కంపెనీ పేరు. కుర్చీలు తీసేశారు గానీ నేల వాలు అలాగే ఉండిపోయింది. ఆ వాలు గదిలోని మోగుడు మోటౌన్ ఇంటి మోగుడుకు పూర్తిగా భిన్నం. మోటౌన్‌లో వాద్యాలు దట్టంగా అల్లుకుంటాయి, ఇక్కడ నలుగురే వాయిస్తుంటే మధ్యలో గాలి ఆడుతుంది. బుకర్ టీ జోన్స్ ఆర్గన్, స్టీవ్ క్రాపర్ గిటారు, డక్ డన్ బేసు, అల్ జాక్సన్ డ్రమ్ములు. ఇద్దరు నల్లవాళ్లు, ఇద్దరు తెల్లవాళ్లు. రంగు ప్రకారం మనుషులను విడదీసిన ఊరిలో, 1960లలో, ఆ నలుగురూ రోజూ ఒకే గదిలో కూర్చుని వాయించారు.

1965 మేలో అదే గదిలో విల్సన్ పికెట్ 'ఇన్ ది మిడ్‌నైట్ అవర్' పాడాడు. న్యూయార్క్ నుంచి వచ్చిన నిర్మాత జెర్రీ వెక్స్‌లర్‌కు తాళం కావలసినట్లు రావడం లేదు. మాటలతో చెప్పలేక, వాద్యకారుల ముందుకు వెళ్లి అప్పట్లో కుర్రకారు వేస్తున్న జెర్క్ అనే నృత్యం చేసి చూపించాడు. రెండో దెబ్బ, నాలుగో దెబ్బ ఒక వెంట్రుకవాసి వెనక్కి పడాలని అతని ఉద్దేశం. క్రాపర్, జాక్సన్ వెంటనే పట్టుకున్నారు. ఆ పాట పెట్టుకుని మీరు వేళ్లతో తాళం వేయండి. మీ వేలు బల్లను తాకిన తర్వాత, కంటికి కనిపించనంత ఆలస్యంగా, డ్రమ్ము దెబ్బ పడుతుంది. ఒంటిని ఊపేది ఆ ఆలస్యమే. దాన్ని గుర్తించాక మెంఫిస్ రికార్డు ఏది వచ్చినా పేరు చూడకుండా చెప్పగలరు.

ఓటిస్ రెడ్డింగ్ 'డాక్ ఆఫ్ ది బే' గురించి కొద్దిగా చెప్పి ముందుకు వెళతాను. 1967 నవంబరు, డిసెంబరులలో దాన్ని పాడాడు. డిసెంబరు 10న విమానం విస్కాన్సిన్‌లోని మొనోనా సరస్సులో కూలి చనిపోయాడు. వయసు 26. స్నేహితుడు పోయిన రోజుల్లోనే క్రాపర్ కూర్చుని ఆ టేపును పూర్తిచేశాడు, అలల చప్పుడు, పక్షుల అరుపులు అందులో కలిపాడు. పాట చివర ఓటిస్ ఈల వేస్తాడు కదా, ఆ సమయంలో గిటారు ఎంత తక్కువగా వాయిస్తోందో వినండి.

ఇక రాక్. రోలింగ్ స్టోన్స్ వాళ్ల 'స్టికీ ఫింగర్స్' మీ దొంతరలో ఉందన్నారు. లండన్ బృందమే అయినా, అందులోని 'బ్రౌన్ షుగర్', 'వైల్డ్ హార్సెస్' రికార్డయింది ఇంగ్లండ్‌లో కాదు. 1969 డిసెంబరులో వాళ్లు అలబామా రాష్ట్రంలోని మజిల్ షోల్స్ ప్రాంతానికి, షెఫీల్డ్ అనే చిన్న ఊరికి వెళ్లి మూడు రోజులు రికార్డు చేశారు. ఎందుకంటే తాము ప్రాణంగా విన్న సోల్ రికార్డులు ఆ చుట్టుపక్కలే తయారవుతున్నాయి. అరెతా ఫ్రాంక్లిన్‌కు దారి తెరిచిన 'ఐ నెవర్ లవ్డ్ ఎ మ్యాన్' 1967 జనవరిలో ఆ ప్రాంతంలోనే, ఫేమ్ స్టూడియోలో పుట్టింది. మీరు రాక్ అని ఒక పక్క, సోల్ అని ఒక పక్క పెట్టిన రికార్డులు ఇలా ఒకే నేల నుంచి వచ్చినవి. ఓటిస్‌ను విన్న వెంటనే 'వైల్డ్ హార్సెస్' పెట్టి చూడండి.

లెడ్ జెప్లిన్ నాలుగో ఆల్బమ్, 1971, చివరి పాట 'వెన్ ది లెవీ బ్రేక్స్'. నేను ఎక్కువసార్లు విన్న డ్రమ్ముల రికార్డు ఇదే అనుకుంటాను. హ్యాంప్‌షైర్‌లో హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనం. ఒకప్పుడు అది పేదల శాల. జాన్ బోనమ్ డ్రమ్ములను మెట్ల కింద హాలులో పెట్టారు. ఇంజనీరు ఆండీ జాన్స్ రెండే రెండు మైకులను పై అంతస్తు మెట్ల దగ్గర నుంచి వేలాడదీశాడు. అప్పటి అలవాటు ప్రకారం ఒక్కొక్క డ్రమ్ము ముందు ఒక్కొక్క మైకు పెట్టాలి. ఇక్కడ డ్రమ్ముల దగ్గర ఏమీ లేదు. దెబ్బ పడి, గోడలకు తగిలి, మెట్లెక్కి మైకు దాకా వచ్చింది. అంటే మీరు వినేది బోనమ్‌ను ఒక్కడినే కాదు, ఆ ఇంటిని కూడా. మా థియేటరులో వరండాలో డోలు పెట్టి, తలుపు సగం తెరిచి, లోపలి మైకుతో పట్టడానికి ఇదే నాకు స్ఫూర్తి. ఆ పాట మూలం కూడా చూడండి: 1927 మిసిసిపి వరదల మీద మెంఫిస్ మిన్నీ, కాన్సాస్ జో మెకాయ్ 1929లో చేసిన బ్లూస్ రికార్డు. ఎంత గట్టిగా మోగినా దాని వేరు అక్కడే ఉంది.

ఇప్పుడు మీరు ఇచ్చేద్దామనుకున్న దొంతర దగ్గరికి వద్దాం. మీ దగ్గర లేకపోయినా ముందు ఒక పాట వినండి: హెరాల్డ్ మెల్విన్ అండ్ ది బ్లూ నోట్స్ 1973లో చేసిన 'ది లవ్ ఐ లాస్ట్'. ఫిలడెల్ఫియాలో సిగ్మా సౌండ్ స్టూడియో, నిర్మాతలు గ్యాంబుల్, హఫ్. పోయిన ప్రేమ గురించి టెడ్డీ పెండర్‌గ్రాస్ గుండె పగిలేలా పాడతాడు. ఆ గొంతు పూర్తిగా సోల్. కింద డ్రమ్ములు వాయిస్తున్న ఎర్ల్ యంగ్ మాత్రం కొత్త దారి తొక్కాడు. కాలి డ్రమ్ము నాలుగు దెబ్బలకూ సమానంగా 'దమ్' అంటుంది. ఒక 'దమ్'కూ ఇంకో 'దమ్'కూ నడుమ హై-హ్యాట్ (జంట చిప్పలు) కొద్దిగా తెరుచుకుని 'త్స్‌స్' అని ఊపిరి వదిలి, తర్వాతి దెబ్బకు టక్కున మూసుకుంటుంది. భజనలో తాళం చిప్పలు అదిమి పట్టినప్పుడు ఒక శబ్దం, వదిలినప్పుడు ఒక మోగుడు వస్తాయే, అదే పని ఇక్కడ కాలి కింద పెడలు చేస్తుంది. ఆ 'త్స్‌స్' వినండి. తర్వాత ఆరేడేళ్లు ప్రపంచంలోని నాట్యశాలలన్నీ దాని మీదే నడిచాయి. డిస్కో అంటే ఇదే: సోల్ గొంతు, సోల్ వాద్యకారులు, మారింది కాలి దెబ్బ.

గ్లోరియా గేనర్ 'నెవర్ కెన్ సే గుడ్‌బై', 1975, మీ దగ్గర ఉంది కాబట్టి మొదటి వైపు పెట్టండి. మూడు పాటలు మధ్యలో ఎక్కడా ఆగకుండా ఒకదానిలోకి ఒకటి జారిపోతాయి. నాట్యం చేస్తున్నవారు పాటకూ పాటకూ మధ్య నిలబడిపోకూడదని టామ్ మౌల్టన్ అనే మిక్సింగ్ నిపుణుడు అలా కూర్చాడు. మూడో పాట 'రీచ్ అవుట్'. అది 1966 నాటి మోటౌన్ పాట. డెట్రాయిట్‌లో ఫోర్ టాప్స్ పాడితే కింద జేమర్సన్ వాయించినది. ఆ పాత రికార్డును, ఈ కొత్తదాన్ని ఒకదాని వెంట ఒకటి వింటే తొమ్మిదేళ్లలో అడుగు భాగం ఎలా మారిందో గంట సేపు పాఠం చెప్పినట్లు తెలుస్తుంది.

ఎల్పీ అంత పెద్ద రికార్డు మీద ఒక వైపు ఒకే పాట ఉండే పన్నెండు అంగుళాల సింగిల్ కూడా ఈ మౌల్టన్ చేతుల మీదుగానే వచ్చింది. చిన్న రికార్డు చెక్కే పలక అయిపోతే పెద్దదాని మీద చెక్కించాడు, గాడులు వెడల్పుగా పరుచుకుని శబ్దం ఒక్కసారిగా లావెక్కింది. దీని వెనుక లెక్క సులువే. ఎల్పీ నిమిషానికి ముప్పై మూడు సార్లకు కొద్దిగా పైన తిరుగుతుంది. అంచు దగ్గర సూది కింద సెకనుకు సుమారు 50 సెంటీమీటర్ల గాడి పోతే, లోపల లేబులు దగ్గర 21 సెంటీమీటర్లే పోతుంది. ఒక వైపు ఇరవై నిమిషాలు ఇరికిస్తే గాడులు సన్నబడతాయి, బేసు తగ్గించక తప్పదు. ఒకే పాటకు అంత చోటు ఇస్తే బేసు కాళ్లు చాపుకుంటుంది. 1976లో సాల్‌సోల్ కంపెనీ డబుల్ ఎక్స్‌పోజర్ వారి 'టెన్ పర్సెంట్'ను అలా అంగళ్లలోకి తెచ్చింది. మూడు నిమిషాల పాటను వాల్టర్ గిబ్బన్స్ అనే డీజే తొమ్మిది నిమిషాలకు పైగా పెంచాడు. మీ దొంతరలో పెద్ద రికార్డు మీద ఒక్క పాటే ఉన్నవి కనిపిస్తే వాటిని ముందు పక్కన పెట్టుకోండి, అన్నిటికంటే బాగా మోగేవి అవే.

మీ డోనా సమ్మర్ 'ఐ ఫీల్ లవ్', 1977, వేరే జాతి. మ్యూనిక్‌లో జార్జియో మొరోడర్ దాదాపు మొత్తం మూగ్ సింథసైజరు అనే ఎలక్ట్రానిక్ వాద్యం మీద కట్టాడు. ఆ పరుగెత్తే బేసు ఎడమ చెవిలో, దాని ప్రతిధ్వని కుడి చెవిలో వినిపిస్తుంది. అయినా కాలి డ్రమ్ము దెబ్బకు కావలసిన బలం యంత్రం నుంచి రాలేదు. దాన్ని కీత్ ఫోర్సీ అనే మనిషే వాయించాడు. అదే సంవత్సరం బీ జీస్ 'స్టేయిన్ అలైవ్'లో తిరగబడి జరిగింది. డ్రమ్మరు ఇంటి కష్టం వల్ల వెళ్లిపోతే, వాళ్లదే ఇంకో పాటలోని రెండు ఆవర్తాల డ్రమ్ములను కత్తిరించి, టేపును వలయంలా అతికి, మైకు స్టాండు చుట్టూ తిప్పుతూ పాటంతా నడిపించారు.

డిస్కో అంటే చిన్నచూపు మీకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు, మా తరానికీ అది సోకింది. 1979 జులై 12న చికాగోలో కొమిస్కీ పార్క్ అనే బేస్‌బాల్ మైదానంలో ఒక రేడియో వ్యాఖ్యాత డిస్కో రికార్డుల పెట్టెను పేల్చాడు. ఒక రికార్డు తెచ్చి ఇస్తే 98 సెంట్లకు టిక్కెట్టు. జనం మైదానంలోకి దూకారు, ఆ రోజు జరగవలసిన రెండో ఆట జరగనే లేదు. ఆ రోజు అక్కడ పనిచేసిన విన్స్ లారెన్స్ అనే కుర్రవాడు తర్వాత చెప్పాడు: జనం తెచ్చిన వాటిలో డిస్కో కానివి, నల్లజాతి గాయకుల సోల్ రికార్డులు ఎన్నో ఉన్నాయని. ఆ కుర్రవాడే పెద్దయ్యాక చికాగోలో డిస్కో నుంచి పుట్టిన హౌస్ అనే నృత్య సంగీతం మొదలుపెట్టినవారిలో ఒకడయ్యాడు. వాళ్లు పేల్చింది ఏమిటో ఆ ఒక్క మాటతో నాకు అర్థమైంది. నా దృష్టిలో అది సంగీతం మీద అభిరుచి కానే కాదు.

చిక్ బృందం 'గుడ్ టైమ్స్' ఆ పేలుడు జరిగిన నెల తర్వాత అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ బేసు మూడు గట్టి అడుగులు వేసి, ఆగి, ఆ తర్వాత మెట్లెక్కుతుంది. ఆ గీతనే ఎత్తుకుని అదే ఏడాది షుగర్‌హిల్ గ్యాంగ్ 'రాపర్స్ డిలైట్' అనే ర్యాప్ పాట చేసింది. 1980లో క్వీన్ చేసిన 'అనదర్ వన్ బైట్స్ ది డస్ట్' బేసు కూడా దాని చుట్టమే. రాక్ ప్రియులకు నేను ఎప్పుడూ చెప్పే ఇంకో సంగతి: 1985 జులైలో ఫిలడెల్ఫియాలో లైవ్ ఎయిడ్ అనే సహాయనిధి కచేరీ వేదిక మీద లెడ్ జెప్లిన్‌లో మిగిలిన ముగ్గురు మళ్లీ కలిసినప్పుడు, చనిపోయిన బోనమ్ చోట కూర్చున్న ఇద్దరిలో ఒకరు చిక్ డ్రమ్మరు టోనీ థాంప్సన్. అంటే మీ దొంతరలో అటు చివర ఉన్న రికార్డు, ఇటు చివర ఉన్న రికార్డు ఒకే వేదిక మీద కలిశాయి.

మన వైపు కూడా ఒక ముడి ఉంది. 1974లో ప్రపంచమంతా మోగిన 'కుంగ్ ఫూ ఫైటింగ్' నిర్మాత బిడ్డు మన పక్క బెంగళూరువాడే. 1980లో 'ఖుర్బానీ' హిందీ సినిమా కోసం నాజియా హసన్‌తో పాడించింది కూడా ఆయనే. నేను చేరిన ఏడాది మద్రాసులో ప్రతి సంగీత దర్శకుడూ ఆ కాలి దెబ్బ అడిగేవాడు.

ఇక పని సంగతి. రోజుకు రెండు రికార్డులు చాలు, ఒకటి రాక్ లేదా సోల్, ఒకటి డిస్కో. మొదటిసారి గొంతును వదిలేసి వినండి. రెండోసారి కళ్లు మూసుకుని మామూలుగా వినండి. 1960ల మోటౌన్ పాటల్లో మోనో (రెండు చెవులకూ ఒకే శబ్దం వచ్చే రికార్డు) దొరికితే అదే ఎంచుకోండి. వాటిని కారు రేడియోలో బాగా మోగాలని కలిపారు, ఆనాటి స్టీరియోలో చాలాసార్లు గొంతు ఒక పక్క, డ్రమ్ములు ఒక పక్క పడి అల్లిక విడిపోతుంది. నాన్నగారి పాత ప్లేయరు సూదిని మాత్రం వెంటనే మార్చండి. అలాంటివాటిలో చాలావాటికి సూది గాడి మీద మోపే బరువు ఎక్కువ. ఇప్పటి మంచి కార్ట్రిడ్జికి (సూది బిగించి ఉండే భాగం) ఒకటిన్నర, రెండు గ్రాములు చాలు. అరిగిన సూదితో ఒక్కసారి వింటే గాడికి తగిలిన దెబ్బ మళ్లీ మానదు. బూజు ఉన్నవాటిని డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన మెత్తటి గుడ్డతో గాడి వెంట గుండ్రంగా తుడవండి, అడ్డంగా రుద్దకండి, లేబులు తడవనివ్వకండి. పూర్తిగా ఆరాక పుస్తకాల్లా నిలబెట్టి సర్దండి. అటక మీదికి మాత్రం మళ్లీ ఎక్కించకండి, వేసవిలో అక్కడి వేడికే మీ రికార్డు వంగింది.

ఆ వంగిన డోనా సమ్మర్‌ను ఎండలో పెట్టి సాగదీయమని, ఇస్త్రీ పెట్టె వాడమని ఎవరు చెప్పినా వినకండి, గాడులు కరిగి పోతాయి. ముందు ప్లేయరు మీద ఊరికే తిప్పి పక్క నుంచి చూడండి. వంపు నిదానంగా అలలా లేచి దిగుతూ, సూది ఎగరకుండా దాటుతుంటే ఏమీ చేయవద్దు, అలాగే వినవచ్చు. ఎగురుతుంటే రెండు మందపాటి గాజు పలకల మధ్య పెట్టి, మీద సమానంగా పుస్తకాల బరువు పెట్టి, నీడపట్టున ఒక నెల వదిలేయండి. అప్పటికీ దారికి రాకపోతే ఆ పాట వేరే రికార్డు కొనుక్కోండి, ఇది మాత్రం నాన్నగారి అట్టలోనే ఉండనివ్వండి.